విమాన యంత్రాలపై సుంకాలు – కొన్ని ఆలోచనలు

తెలుగు సాహిత్యం బోధించుకొనే మాకు విమానపు ఇంజన్లతోను, వాటిమీది సుంకాలతోను పని ఏమిటని ఈ సంచిక చదివే మిత్రులు ఆశ్చర్యపడవచ్చును. సంపాదకవర్గం వారు మానుండి కోరినది ప్రబంధ నాయికలను గురించిన వ్యాసం. మేము ఇవ్వదలచుకొన్నదీ అదే. అయితే 2025 సెప్టెంబరులో ఒక సాయంకాలం మా పూర్వవిద్యార్థి ఒకడు అధ్యాపకుల గదికి వచ్చి కూర్చున్నాడు. బాలానగర్‌లో విమానపు ఇంజన్లకు చిన్న చిన్న భాగాలు తయారుచేసే ఒక కార్ఖానాలో అతడు కొలతల పరీక్షకుడు. కుశల ప్రశ్నలు అయిన తరువాత అతడు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది: "సార్, అమెరికాల పన్ను ఏస్తే బాలానగర్‌ల మా ఓవర్‌టైం ఎట్ల బంద్ అయితది?"

మాకు సమాధానం తెలియలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, టీ తెప్పించి, మాట మార్చినాము. ఆ సిగ్గు మాచేత ఐదారు నెలలు చదివించినది. నాయికలు ఎక్కడికీ పోరు. వచ్చే సంచికకు వారిని తీసికొనివత్తుము. ఈ వ్యాసం అతనికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

మొదట మాటతో మొదలుపెట్టుట మా వృత్తిధర్మం. ఇంగ్లీషువారి 'టారిఫ్' అనే పదానికి మూలం అరబ్బీలోని 'తారీఫ్'. తెలియజేయుట, ఎరుకపరచుట అని దాని అర్థం. మధ్యధరా సముద్రపు రేవులలో అరబ్బు వర్తకులనుండి ఇటలీ వర్తకులు ఆ మాటను గ్రహించగా అది ఐరోపా భాషలన్నిటా పాకినది. మన ఉర్దూలో అదే మాట పరిచయానికీ, ప్రశంసకూ వాడుక అయినది. ఉర్దూ శాఖలోని మా సహాధ్యాపకులతో ఈ సంగతి చెప్పగా, "అయితే సుంకం వేసినవాడు సరుకును మెచ్చుకొన్నట్లే గదా!" అని నవ్వినారు. నవ్వులాటకేమి గాని, ఏ సరుకుకు ఎంత ఇచ్చుకోవలెనో ముందుగా ఎరుకపరచే పట్టికయే తారీఫు. ముందుగా ఎరుకపరచక వేసేది తారీఫు కాదు. దానికి మన భాషలో వేరే మాట ఉన్నది; కళాశాల సంచికలో వ్రాయము.

విమానపు ఇంజను దేశదేశాలు తిరిగే వస్తువు అనుట నిన్నటి మొన్నటి మాట కాదు. మన నగరంతో ముడిపడిన ఉదాహరణ ఒకటి కలదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారు బ్రిటిషు వైమానిక దళానికి విమానాలను బహూకరించినారు. ఆ విమానాలు పొందిన 110వ దళం 'హైదరాబాద్ దళం' అను పేరు ధరించినది. 1918లో ఫ్రాన్సు రణరంగానికి వెళ్లిన ఆ డి.హెచ్.9ఎ విమానాల చట్రం ఇంగ్లండులో తయారైనది. ఇంజను మాత్రం అమెరికావారి 'లిబర్టీ'. రోల్స్-రాయిస్ వారి 'ఈగిల్' ఇంజన్లు చాలినన్ని దొరకకపోవుటచేత అమెరికా ఇంజనును తెచ్చి బిగించవలసి వచ్చినది. డబ్బు దక్కనుది, రెక్కలు ఇంగ్లండువి, గుండెకాయ అమెరికాది. నూరేండ్లు దాటినది; ఈ పంపకం పెద్దగా మారలేదనుటకు చింతిస్తున్నాము. డబ్బు ఇచ్చేవారము నేటికీ మనమే.

ఎందువలన మారలేదో తెలియవలెనంటే ఇంజను లోపలికి కొంచెం తొంగిచూడవలెను. ప్రయాణికుల విమానపు ఇంజనులో ముందుభాగాన పెద్ద పంకా ఉంటుంది. దాని వెనుక గాలిని నొక్కిపట్టే చక్రాలు, తరువాత ఇంధనం మండే గది, ఆ మంటలోనుండి వెలువడే వాయువుతో తిరిగే టర్బైను ఉంటాయి. ఆ టర్బైను రేకులను తాకే వాయువు వేడి, ఆ రేకు చేయబడిన మిశ్రమలోహం కరిగే వేడికంటె ఎక్కువ. అయినా రేకు కరగదు. రేకు లోపల వెంట్రుకవంటి సన్నని దారులలో చల్లనిగాలి ప్రవహిస్తుంది. పైన పింగాణివంటి పూత ఉంటుంది. లోహమంతా ఒకే స్ఫటికంగా పోతపోయబడి ఉంటుంది. ఈ విద్య తెలిసిన దేశాలు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. అందుచేతనే పెద్ద విమానపు ఇంజన్లను ప్రపంచానికి అమ్మేవారు అమెరికావారి జనరల్ ఎలక్ట్రిక్, ప్రాట్ అండ్ విట్నీ, బ్రిటన్‌వారి రోల్స్-రాయిస్, ఫ్రాన్సువారి సాఫ్రాన్ అని నాలుగు పేర్లతో ముగియును.

విద్య తెలిసిన నాలుగిళ్లవారు కూడ ఎవరి ఇంట వారు ఇంజను చేసికొనరు. జనరల్ ఎలక్ట్రిక్ వారును, సాఫ్రాన్‌కు పూర్వరూపమైన ఫ్రెంచి స్నెక్మా వారును చెరిసగం వాటాతో 1974లో సి.ఎఫ్.ఎం. అనే సంస్థను నెలకొల్పినారు. దాని పుట్టుక కథ వినదగినది. అమెరికా యుద్ధవిమానం కొరకు రూపొందించిన ఇంజను గర్భభాగాన్ని ఈ పొత్తుకు వాడుకొనవలెనని తలచినారు. 1972లో అమెరికా ప్రభుత్వం ఎగుమతి అనుమతి నిరాకరించినది. 1973లో ఐస్‌లాండు రాజధాని రేక్యవిక్‌లో అధ్యక్షుడు నిక్సనును, ఫ్రెంచి అధ్యక్షుడు పాంపిడూను సమావేశమైనప్పుడు గాని ఆ చిక్కు విడలేదు. విడినప్పుడైనా, గర్భభాగం అమెరికాలోనే తయారై మూతవేసిన పెట్టెవలె ఫ్రాన్సుకు పోవలెననియు, ఫ్రెంచివారు దానిని విప్పి చూడరాదనియు నియమం! ఇద్దరు దేశాధ్యక్షులు కూర్చుండి తీర్చినది సుంకం తగాదా కాదు, మూత తగాదా. ఆ మూతపెట్టె ఇంజను తరువాత ముప్పదివేలకు పైగా తయారై ప్రపంచంలో మిక్కిలిగా అమ్ముడుపోయిన ఇంజన్లలో ఒకటి అయినది. దాని వారసుడైన 'లీప్' ఇంజను నేడు మన ఆకాశంలో ఎగిరే అనేక విమానాలకు అమర్చబడి ఉన్నది.

ఇట్లు ఒక్కొక్క భాగం రెండుమూడు సరిహద్దులు దాటి ఇంజనులో చేరుతుంది. ఇంజను మరొక సరిహద్దు దాటి విమానానికి చేరుతుంది. చెడిపోయినప్పుడు విప్పి మరల బాగుచేసే కార్ఖానాకు ఇంకొక సరిహద్దు దాటుతుంది. ప్రతి గడపలోను సుంకం చెల్లించవలసివస్తే ఏమగునో చెప్పనక్కరలేదు. ఈ చిక్కును గుర్తించియే 1979 ఏప్రిల్ 12న జెనీవాలో పౌరవిమానాల వ్యాపార ఒప్పందం కుదిరినది. 1980 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. యుద్ధానికి కాక పౌరుల ప్రయాణానికి వాడే విమానాలు, వాటి ఇంజన్లు, భాగాలు, ఉపభాగాలు, శిక్షణకు వాడే కృత్రిమ విమానాలు – వీటన్నిటిమీద సుంకం సున్న. సంతకం చేసినవారు ముప్పదికి పైచిలుకు. అమెరికా, ఐరోపా సమాజం, బ్రిటన్, జపాన్, కెనడా అందులోనివారు. భారతదేశం సంతకం చేయలేదు. చైనాయును చేయలేదు. మనము పరిశీలకులుగా పక్కబల్లమీద కూర్చుండి వింటున్నాము.

ఒక సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. సంతకం చేసిన దేశాలు ఆ సున్న సుంకాన్ని తమ సాధారణ పట్టికలలోనే వ్రాసికొన్నందున, సంతకం చేయని మన సరుకుకు కూడ ఆ లాభం దక్కుతూ వచ్చినది. పందిరి వేసినవారు వేరు, నీడన కూర్చున్నవారము మనము. ఎంతకాలం? 2025 ఏప్రిల్ వరకు.

ఆ నెలలో అమెరికా ప్రభుత్వం దాదాపు సమస్త దేశాల సరుకుమీద పది శాతం సుంకం వేసినది. దేశాలవారీగా మరింత హెచ్చు రేట్లు ప్రకటించి, నిలిపి, మరల ప్రకటించినది. ఉక్కు, అల్యూమినియం వస్తువులమీద మార్చిలో 25 శాతం, జూన్‌లో 50 శాతం అయినది. మే 1న విమానాలు, జెట్ ఇంజన్లు, వాటి భాగాల దిగుమతి దేశభద్రతకు హానికరమా అని విచారణ మొదలుపెట్టినది. తన యింటి ఇంజను సగం ఫ్రాన్సులో తయారవుతుండగా ఈ విచారణ ఏమిటో మా బుద్ధికి అందలేదు. పిదప ఒక్కొక్కరు వెళ్లి విడివిడిగా బేరమాడుకొన్నారు. బ్రిటన్ ఇంజన్లకు, విమానభాగాలకు జూన్ 30నుండి మినహాయింపు లభించినది. ఐరోపాకు, జపానుకు ఆ తరువాతి నెలలలో దొరికినది. బ్రెజిల్‌మీద జూలైలో 50 శాతం ప్రకటించినప్పుడు కూడ విమానాలను, భాగాలను ఆ పెంపునుండి తప్పించినారు; అమెరికా లోపలి చిన్న మార్గాల విమానాలు అనేకం బ్రెజిల్‌నుండియే రావలెను గనుక. భారతదేశపు సరుకులలో పెక్కింటిమీద ఆగస్టు 27 నాటికి మొత్తం 50 శాతం అయినది. విమానభాగాలకు పై దేశాలకు దొరికినట్టి మినహాయింపు ఆనాటికి మనకు దొరకలేదు. ఆపైన సంప్రదింపులును, న్యాయస్థానాలలో వ్యాజ్యాలును సాగినవి. అంకెలు మారుతూ వచ్చినవి.

బాలానగర్ ప్రశ్నకు జవాబు ఈ మార్పులలోనే ఉన్నది. మా విద్యార్థి పనిచేసే చోట భాగాలు నేరుగా అమెరికాకు పోవు. పెద్ద సంస్థ ఒకదానికి పోయి, అక్కడనుండి పోతాయి. ఆ పెద్ద సంస్థవారు ఆర్డరు రద్దుచేయలేదు, ధర తగ్గించమనలేదు. "కొన్నాళ్లు ఆగండి, సంగతి తేలనీయండి" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటతో రాత్రి పాళీ ఆగినది. యాభై శాతమే నిలకడగా ఉండి ఉంటే యజమాని లెక్కవేసికొని పని సాగించేవాడో, మూసివేసేవాడో, ఏదో ఒకటి నిర్ణయించుకొనేవాడు. రేపు పది అగునో, సున్న అగునో, నూరగునో తెలియనప్పుడు ఎవరును ఏమీ చేయరు. సుంకం భారంకంటె సుంకం చంచలత్వమే ఇక్కడ కీడు చేసినదని మా నిశ్చితాభిప్రాయం.

ఇతరులను తప్పుపట్టి ఊరకుంటే న్యాయం కాదు. మన గుమ్మంలోనూ ఈ జాడ్యం ఉండెను. అంతర్జాతీయ సుంకపు పట్టికలో ప్రతి వస్తువుకు ఒక సంఖ్య ఉంటుంది. జెట్ ఇంజన్లు, వాటి భాగాలు 8411 అను శీర్షిక కింద వస్తాయి. పిస్టను ఇంజను అయితే 8407, దాని భాగాలకు 8409. వినడానికి సులభం. కాని ఇంజనుకు బిగించే ఉక్కు బోల్టు ఇంజను భాగమా, ఉక్కు వస్తువా? సాధారణోపయోగం గల బోల్టులు, నట్టులు, వాషర్లు ఎక్కడ బిగించినా 7318 కింద ఉక్కు వస్తువులే అని ఆ పట్టికలోని నియమం. టైటేనియంతో చేసినదైతే దాని దారి మళ్లీ వేరు. రేకు ఒక గదిలో, బోల్టు మరొక గదిలో, బిగించే పనిముట్టు ఇంకొక గదిలో. మన దేశంలో ఈ గదులనుబట్టి దిగుమతిపై సమీకృత పన్ను 5, 12, 18, 28 శాతాలుగా ఉండెను.

2023లో మా విద్యార్థి కార్ఖానాకు విదేశంనుండి ఒక పెట్టె వచ్చినది. పెట్టె అంటే మిఠాయి డబ్బా అంత; అందులో కొలత సరిచూచే పరికరం ఒకటి, దానిని బిగించే మరలు కొన్ని. అది ఏ సంఖ్య కిందిదో తేలక పందొమ్మిది రోజులు విమానాశ్రయపు గోదాములో పడి ఉన్నదట. పెట్టె విలువకంటె గోదాము అద్దె, దలాలీ, పోయివచ్చిన ఆటో కిరాయి హెచ్చు అయినవని అతడు చెప్పినాడు. లోపం గుమాస్తాదని ఒకరు, రసీదు వ్రాసినవానిదని ఒకరు అన్నారు. నిజానికి లోపం ఒకే పనికి వాడే వస్తువులకు నాలుగు రేట్లు ఉండుటలో ఉన్నది.

సంతోషమేమంటే ఈ లోపం సరిదిద్దబడినది. 2024 జూలై 15నుండి విమానాల భాగాలు, ఉపభాగాలు, పరీక్షా పరికరాలు, పనిముట్లు ఏ శీర్షిక కిందివైనను, షరతులకు లోబడి, ఒకే 5 శాతం పన్ను అని కేంద్రప్రభుత్వం నిర్ణయించినది. అంతకుముందు 2020 ఏప్రిల్‌లో విమానాలు బాగుచేసే పనిమీది పన్నును 18నుండి 5 శాతానికి తగ్గించినారు. మరమ్మతు కొరకు తెచ్చిన వస్తువులను తిరిగి పంపే గడువు ఆరు నెలలనుండి ఏడాదికి పెంచినారు. ఇవి పత్రికలలో మూలన పడిన చిన్న వార్తలు. మేము కూడ ఆనాడు చదవలేదు. కాని వీటి ఫలం మన కళ్లయెదుట ఉన్నది. 2025 నవంబరు 26న శంషాబాదు విమానాశ్రయపు ప్రత్యేక ఆర్థిక మండలిలో సాఫ్రాన్ వారి ఇంజన్ల మరమ్మతు కర్మాగారం ప్రారంభమైనది. సుమారు 1,300 కోట్ల రూపాయల పెట్టుబడి. పూర్తిస్థాయికి చేరిన నాడు ఏడాదికి 300 లీప్ ఇంజన్లను విప్పి బాగుచేయగలదనియు, వేయిమందికి పైగా పని దొరుకుననియు చెప్పినారు. అదివరకు ఈ ఇంజన్లు పెద్ద మరమ్మతుకు విదేశాలకు పోవలసినవే.

విప్పి బాగుచేయుట అంత గొప్పా అని అడిగేవారు ఉంటారు. ఈ వ్యాపారంలో లాభమంతా అక్కడనే ఉన్నది. ఇంజనును అమ్మేటప్పుడు కంపెనీవారు భారీగా తగ్గింపు ఇస్తారు. తరువాత పాతికేండ్లపాటు విడిభాగాలమీద, మరమ్మతులమీద రాబట్టుకొంటారు. గుర్రాన్ని చవుకగా ఇచ్చి గడ్డిని జీవితాంతం తామే అమ్మినట్లు. గడ్డి ఆగితే గుర్రం ఏమగునో మన దేశం చూచినది. 2023 మే 2న గో ఫస్ట్ విమాన సంస్థ దివాలా దరఖాస్తు వేసినది. తన విమానాలలో సుమారు సగం ఇంజన్లు లేక నేలమీద నిలిచిపోయినవని, అందుకు ఇంజను సరఫరాదారే కారణమని ఆ సంస్థ వాదించినది. సరఫరాదారు ఆ వాదాన్ని అంగీకరించలేదు. 2025 జనవరిలో దానిని మూసివేయుటకు ఉత్తర్వు వచ్చినది. ఇండిగో వారి విమానాలు కూడ 2024 తొలినాళ్లలో డెబ్బదికి పైగా నేలపట్టి ఉన్నవి. ఆ ఇంజన్ల చక్రాలు చేసిన లోహచూర్ణంలో మాలిన్యం ఉన్నదని 2023లో తయారీదారులే ప్రకటించినారు. ఎక్కడో ఒక కొలిమిలో చిటికెడు మలినం. ఇక్కడ డ్యూటీలు లేక ఇంట కూర్చున్న పైలట్లు, టిక్కెట్ల ధర చూచి రైలెక్కిన ప్రయాణికులు.

మరొక గడప ఉన్నది. దానిమీద ఏ శాతమూ వ్రాసి ఉండదు. 2025 మే చివర అమెరికా ప్రభుత్వం చైనావారి సి919 విమానానికి కావలసిన లీప్ ఇంజన్ల ఎగుమతి అనుమతులను నిలిపివేసినది. జూలైలో మరల ఇచ్చినది. అంతకుముందు ఏప్రిల్‌లో చైనా ఏడు అరుదైన మూలకాల ఎగుమతిని అదుపులో పెట్టినది. వాటిలో ఇట్రియం ఒకటి. టర్బైను రేకులమీది పింగాణి పూతకు ఆ ఇట్రియమే ప్రాణం. నీవు ఇంజను ఆపితివా, నేను పూత ఆపుదును! ఇక్కడ సున్న సుంకం ఎవరిని రక్షించినది? మన తేజస్ యుద్ధవిమానం కొరకు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు 2021లో జనరల్ ఎలక్ట్రిక్ వారికి 99 ఇంజన్లకు ఆర్డరు ఇచ్చినారు. మొదటి ఇంజను 2025 మార్చిలో అందినది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు. వరుసలో వెనుక నిలబడినవానికి వంతు వెనుక వస్తుంది. బెంగుళూరులో మన సొంత ఇంజనుగా తలపెట్టిన 'కావేరి' దశాబ్దాలు శ్రమించినా తేజస్‌ను మోసే బలం పొందలేక 2008లో ఆ విమానంనుండి విడదీయబడినది. దానిని ఎగతాళి చేసేవారితో మేము ఏకీభవించము. రేకు ఒక్కటి చేయడానికి ఇతరులకు ఎన్ని ఏండ్లు పట్టినదో తెలిసినవారు ఎగతాళి చేయరు.

ఇక మేము తెలుగువారము గనుక మోటుపల్లిని తలచక ఉండలేము. ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రతీరాన ఉన్న ఆ పల్లె కాకతీయుల కాలంలో మహా రేవు. గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244లో అక్కడ శిలాశాసనం వేయించినాడు. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగికొనేవారని, తాను దయతో అదంతా విడిచి, ముందే నిర్ణయించిన సుంకం మాత్రం తీసికొందునని అందులో చెప్పినాడు. ఎగుమతికైనా, దిగుమతికైనా సాధారణంగా ముప్పదింట ఒక వంతు. దానిని 'అభయశాసనం' అన్నారు. పాఠం చెప్పేటప్పుడు మేము ఇన్నేండ్లుగా 'అభయం' అను మాటను దయాగుణానికి నిదర్శనంగా చెప్పుతూ వచ్చినాము. ఇప్పుడు వేరుగా తోచుచున్నది. రాజు తగ్గించిన సుంకం కంటె, దానిని రాతిమీద చెక్కించుటయే అభయం. దూరదేశపు నావికునికి ఇంటనుండి బయలుదేరేటప్పుడే తెలుసు, మోటుపల్లిలో ఎంత ఇచ్చుకోవలెనో. అరబ్బులు 'తారీఫ్' అన్నది దీనినే.

అందుచేత మా అభిప్రాయం: 1979 ఒప్పందంమీద భారతదేశం సంతకం చేయవలెను. ఎదురువాదం మాకు తెలియును. అది తేలికైనది కాదు. ఆ ఒప్పందం ప్రకారం ప్రభుత్వాలు విమానాల కొనుగోలుదారులను ఒత్తిడి చేయరాదు. "మీ విమానాలు కొంటాము, బదులుగా మా దేశంలో ఇన్ని భాగాలు చేయించండి" అని నిర్బంధించరాదు. ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరిలో 470, ఇండిగో అదే జూన్‌లో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించిన వేళ, ఇంత గిరాకీ చేతిలో ఉండగా ఆ అస్త్రాన్ని ఎవరైనా వదులుకొందురా అని అడుగవచ్చును. పైగా, సంతకం చేసిన బ్రిటన్, ఐరోపాలే 2025లో మరల బేరమాడుకోవలసి వచ్చెను గదా, సంతకం చేసిన అమెరికాయే మాట తప్పెను గదా అనవచ్చును. ఈ రెండవ మాట నిజం. మేము దానిని కప్పిపుచ్చము. బలవంతుడు రాయిని కూడ చెరపగలడు.

కాని మొదటి మాటను పరిశీలిద్దాం. ఒప్పందం పౌరవిమానాలకే గాని యుద్ధవిమానాలకు వర్తించదు. రక్షణ కొనుగోళ్లలో విద్య అడిగే హక్కు మనకు చెక్కుచెదరక ఉంటుంది. ఇంజను గర్భవిద్య దాగి ఉన్నది కూడ అక్కడనే. పౌరవిమానాల పక్క నిర్బంధించి తెచ్చుకొనగలిగినది చాలవరకు చెక్కుడు పని, అంచుల పని. దానిని మన కార్ఖానాలు నిర్బంధం లేకయే తమ నాణ్యతచేత సంపాదించుకొంటున్నవి. వారికి కావలసినది రాయితీ కాదు, నిలకడ. నేడు మన దిగుమతులలో మూల సుంకం లేని విమానభాగాలు అనేకం కేంద్రం ఇచ్చే మినహాయింపుల వలననే ఆ స్థితిలో ఉన్నవి. మినహాయింపు అనగా ఇచ్చినచేయి తీసికొనగలది. ఒప్పందంలో చేరితే అది మాట అవుతుంది. పరులు మాట తప్పుతారేమో. మన కార్ఖానాకు మన ప్రభుత్వం మాట తప్పదను ధైర్యమైనా ఉండవలెను.

ఇంతవరకు ఢిల్లీకి చెప్పినది. ఢిల్లీ ఈ సంచికను చదవదు. చదివేది మన కళాశాల యాజమాన్య సంఘం వారు గనుక వారితో ఒక మాట.

కాంచన్‌బాగ్ మన విద్యార్థులలో చాలమందికి ఇంటిదగ్గర. 1973లో నెలకొన్న మిశ్ర ధాతు నిగం అక్కడనే ఉన్నది. రక్షణ లోహ పరిశోధనశాల అక్కడనే ఉన్నది. ఏక స్ఫటికపు టర్బైను రేకులను ఆ పరిశోధనశాలవారు చేసి, 2021లో అరవై రేకులను హెలికాప్టరు ఇంజను కొరకు హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందజేసినారు. ప్రపంచంలో నాలుగైదు దేశాలకు మాత్రమే తెలిసిన విద్య మన గల్లీ చివరి గోడ వెనుక ఉన్నది. ఆ గోడ పక్కగా మన పిల్లలు ప్రతిదినం బస్సులో పోతారు. డిగ్రీ అయిన తరువాత పాస్‌పోర్టు చేతపట్టుకొని జిద్దాకో, దుబాయికో పోయి గోదాములలో సరుకు లెక్కలు వ్రాస్తారు. ఆ వృత్తిని తక్కువ చేయము. అనేక ఇళ్లు దానితో నిలిచినవి. గోడకు ఈవలనే ఉండిపోవుటకు కారణం తెలివి తక్కువై కాదు, మైక్రోమీటరును చేతపట్టిన అనుభవం లేక.

ఈ సంవత్సరపు మిగులు నిధితో కళాశాల ముఖద్వారానికి కొత్త కమాన్ కట్టవలెనని సంఘంలో ప్రతిపాదన ఉన్నదని విన్నాము. కమాన్ అందమైనదే. నగరం కమానులతోనే ప్రసిద్ధికెక్కినది. అయినను పెద్దలు మన్నింతురుగాక, మేము ఆ ప్రతిపాదనతో ఏకీభవించలేము. రసాయనశాస్త్ర ప్రయోగశాల పక్క గది మూడేండ్లుగా విరిగిన బల్లలతో నిండి ఉన్నది. దానిని ఖాళీచేయించి, కొలత పరికరాలు కొన్ని, యంత్రభాగాల పటాలు కొన్ని కొని, సాయంకాలం వేళ కొలతల పరీక్షలో ఆరు నెలల శిక్షణ పెట్టవచ్చును. కమాన్‌కు అయ్యేదానిలో సగం కూడ కాదని మా అంచనా. పారిభాషిక పదాలను ఉర్దూలోను, తెలుగులోను పక్కపక్కన వ్రాసి ఇచ్చే పని ఉభయ శాఖలవారము ఉచితంగా చేయుదుము. ఆ మేరకు ఉర్దూ శాఖలోని మా మిత్రులు ఇదివరకే మాట ఇచ్చినారు.

బాలానగర్ విద్యార్థికి ఈ సంగతి చెప్పినాము. రాత్రి పాళీ ఇంకా మొదలు కాలేదట గనుక వారానికి రెండు సాయంకాలాలు తీరిక ఉన్నదన్నాడు. గది దొరికితే వచ్చి పాఠం చెప్పుతానన్నాడు. మొదటి నెలకు మైక్రోమీటరు తనదే తెస్తాడట.